రెండో పిలుపు

(మార్లో ఫాల్స్ అగ్నిమాపక దళం హాలులో, రేడియోలో చట్టాల సంగతులు చెప్పే వెండెల్ ఎమ్రిక్ గారికి జరిగిన వీడ్కోలు సభలో వర్నా ఒరావెక్ చదివిన ప్రసంగం)

సభకు పెద్దగా కూర్చున్న మన రేడియో యజమాని డ్వేన్ షిబ్లర్ గారికి, ఈ చప్పట్లన్నీ ఎప్పుడు ఆగుతాయా, ఎప్పుడు ఇంటికి పోదామా అని చూస్తున్న వెండెల్ ఎమ్రిక్ గారికి, ముందు వరుసలోని లాయర్లకి, రెండో వరుసలో కూర్చున్న జడ్జి గ్రేబిల్ గారికి, గోడవారన నిలబడ్డ అగ్నిమాపక దళం కుర్రాళ్ళకి, వంటగదిలో నూడుల్సు అడుగంటకుండా కలియబెడుతూ తలుపు సందులోంచి వింటున్న మా బడి వంటింటి ఆడవాళ్ళకి, ఇళ్ళలో రేడియో పెట్టుకుని కూర్చున్న ఊళ్ళోవాళ్ళందరికీ నమస్కారం.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఆ తర్వాత జీవితమంతా బడిలోనే గడిపాను గానీ పుస్తకం పట్టుకుని కాదు, గరిటె పట్టుకుని. (నవ్వులు) నవ్వండి, నవ్వండి, మీలో సగంమందికి బంగాళదుంప గుజ్జు మీద నూడుల్సు వడ్డించింది ఈ చెయ్యే. కాబట్టి నా మాటల్లో పొరపాట్లుంటే కడుపులో పెట్టుకోండి. డ్వేన్ గారు నిన్న ఫోన్ చేసి, "వర్నా, నువ్వు పాత శ్రోతవి, రెండు ముక్కలు మాట్లాడాలి. సరదాగా ఉండాలి సుమా! మన మాటలు అప్పటికప్పుడే రేడియోలో ఊరంతా వినిపిస్తాయి, నోరు జారకు" అన్నారు. నోరు జారను డ్వేన్ గారూ. సరదా సంగతి మాత్రం మాట ఇవ్వలేను.

వెండెల్ గారి శుక్రవారం పొద్దుటి కార్యక్రమం, 'వంటింటి బల్ల దగ్గర చట్టం', మాకు నిజంగా వంటింటి బల్ల దగ్గరే వినబడేది. పొయ్యి పైన అరలో రేడియో, కింద మేం దుంపలు చెక్కుతూ. నాతో బడి వంటింట్లో పనిచేసే మా లూయెల్లాది ఒక పార్టీ, నాది ఇంకో పార్టీ. వాషింగ్టన్ పేరెత్తితే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. "నీ వాడు దొంగ" అని అది, "నీ వాడు దొంగలకి మేనమామ" అని నేను. అయినా వెండెల్ గారు మాట్లాడుతుంటే ఇద్దరం నోరు మూసుకుని వినేవాళ్ళం, ఎందుకంటే ఆయన మన వాడేనని ఎవరికి వాళ్ళం అనుకునేవాళ్ళం. ఆయన ఎవరికి ఓటు వేస్తారో వాళ్ళావిడకి కూడా తెలియదుట. (నవ్వులు) నిజమేనా మిరియం గారూ? చూశారా, తెలియదని తల అడ్డంగా ఊపుతున్నారు.

అధ్యక్షుణ్ణి కుర్చీలోంచి దించడం ఎలాగో ఆయన చెప్పింది నాకింకా గుర్తు. "కింది సభ పిండి కలిపి పంపిస్తుంది, కాల్చాలా వద్దా అన్నది పై సభ ఇష్టం, చాలాసార్లు పిండి అలాగే ఎండిపోతుంది" అన్నారు. నేరం మోపేముందు కూర్చునే పెద్ద జ్యూరీ ఎలాంటిదయ్యా అంటే, అత్తగారు చెప్పింది మాత్రం విని కోడలి మీద కేసు కట్టడం లాంటిదన్నారు. లూయెల్లా ఆ రోజు చెక్కుతున్న దుంప పక్కన పడేసి, "నా కేసు అచ్చం అంతే" అని కళ్ళు తుడుచుకుంది. వాషింగ్టన్‌లో ఆ పెద్ద కోర్టులో కూర్చునే తొమ్మిదిమంది పేర్లూ ఆయన వల్లే మాకు నోటికొచ్చాయి. ఎవరు ఎటు మొగ్గుతారో గుడ్డలు ఉతుక్కుంటూ చెప్పుకునేవాళ్ళం.

మా ట్రెంట్ మాత్రం నన్ను ఏడిపించేవాడు. ట్రెంట్ నా ఒక్కగానొక్క కొడుకు. చెక్క పెట్టెలు కొట్టే కార్ఖానాలో పని. చిన్నప్పటినుంచి మూర్ఛ ఉంది కనక కారు నడపకూడదు, సైకిలు మీదా బస్సు మీదా తిరిగేవాడు. శుక్రవారం వాడికి మధ్యాహ్నం నుంచి పని, అందుకని పొద్దున్నే కొంచెంసేపు మా వంటింటికి వచ్చి, నిలబడే నాలుగు బిస్కత్తులు తిని, రేడియో విని పోయేవాడు. "అమ్మా, ఆ తొమ్మిదిమందిని ఎంచుకునే పని నీకు ఎవరైనా ఇచ్చారా?" అనేవాడు. లేదురా. "వాళ్ళు నీకు ఎప్పుడైనా ఎదురుపడతారా?" పడరురా. "మరి మన ఊరి కోర్టు రెండో అంతస్తులో కూర్చునే జడ్జిని నువ్వే ఎంచుకుంటావు. ఆ జడ్జి పేరేమిటో చెప్పు చూద్దాం?" నేను చెప్పలేకపోయేదాన్ని. లూయెల్లా కూడా చెప్పలేకపోయేది. వాడు నవ్వి, "మీ వెండెల్ గారికి ఉత్తరం రాయండి, ఈసారి మన మేడమెట్లు ఎక్కమని" అని సైకిలెక్కి పోయేవాడు.

మేం రాయలేదు.

ఇప్పుడు ఆ రెండో అంతస్తు సంగతి చెప్తాను. డ్వేన్ గారూ, గడియారం చూడకండి, నూడుల్సు ఇంకా ఉడకలేదు, నేను వాసన పట్టి చెప్పగలను.

(నవ్వులు)

చిన్న కేసులన్నీ వచ్చే ఆ గదిలో ఇదివరకు పెట్టింగిల్ అమ్మగారు జడ్జిగా ఉండేవారు. ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. తొమ్మిదింటికి కోర్టు బంట్రోతు అందరి పేర్లూ పిలిచేవాడు. ఎవరైనా పలక్కపోతే ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టేవారు. భోజనానికి లేచేముందు అదే పేరు మళ్ళీ పిలిపించేవారు. అప్పుడూ పలక్కపోతేనే పట్టుకురమ్మని వారంటు మీద సంతకం. మన బస్సు వంతెన అవతలినుంచి చుట్టూ తిరిగి వచ్చేసరికి తొమ్మిది దాటుతుందని ఆవిడకి తెలుసు. ఆవిడా అవతలివైపునుంచే వచ్చేవారు. దాన్ని రెండో పిలుపు అనేవాళ్ళుట. ఆ మాట ఏ చట్టంలోనూ లేదు. ఆవిడ అలవాటు, అంతే.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. పెట్టింగిల్ అమ్మగారి మీద ఫిలిప్ గ్రేబిల్ గారు నిలబడ్డారు. జడ్జిగారూ, మీ పేరు నేను మర్యాదగానే ఎత్తుతున్నాను. ఆయన పక్క జిల్లానుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. మన ఊళ్ళో గ్రేబిల్ అంటే ఒక్కరే కదా, ఇదిగో ఇక్కడే కాఫీ తాగుతున్న మన ఫుట్‌బాల్ మేష్టారు మెర్ల్ గ్రేబిల్ గారు. మన మగపిల్లలందరినీ తిట్టి, పరిగెత్తించి, మనుషుల్ని చేసినాయన. ఆ శరదృతువులో ఇంటింటి ముందూ గడ్డిలో గ్రేబిల్ అన్న పలకలు లేచాయి. మన బడి రంగులే, ఆకుపచ్చ మీద బంగారు అక్షరాలు. కింద 'వేళకి న్యాయం' అని రాశారు. మేష్టారి కొడుకో, తమ్ముడి కొడుకో అనుకున్నాం. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మనల్ని ఎవరూ మోసం చెయ్యలేదు. మనం అడగలేదు, అంతే.

మేష్టారూ, మీరు అలా తల దించుకోకండి. పేరు మీరు పెట్టుకున్నది కాదు.

("నేను చెప్పాల్సింది వర్నా," అన్నారు మెర్ల్ గ్రేబిల్ గారు కూర్చున్నచోటినుంచే. "మంగలి షాపులో అందరూ 'మీ వాడు గెలుస్తాడు' అంటుంటే, వాడు మా వాడు కాదురా అని ఒకరిద్దరికి చెప్పి ఊరుకున్నాను. నలుగురు మన పేరు మెచ్చుకుంటుంటే వినబుద్ధేసింది.")

ఎవరికైనా అంతే మేష్టారూ. ఓటు కాగితం ముందువైపంతా పెద్దవాళ్ళ పేర్లు, వాషింగ్టన్ పేర్లు. జడ్జీల పేర్లు వెనకవైపు. పేరు పక్కన పార్టీ కూడా రాయరు. సగంమంది కాగితం తిప్పరు. తిప్పినవాళ్ళు తెలిసిన పేరు చూసి గీత పెట్టి పోతారు. ఆ పూట లూయెల్లా, నేనూ బడి వ్యాయామశాలలో వరుసలో గంటసేపు నిలబడి అధ్యక్షుడి కోసం కొట్టుకున్నాం, ఇద్దరం కాగితం తిప్పకుండా పెట్టెలో వేసి, ఛాతీ మీద 'నేను ఓటు వేశాను' అన్న బిళ్ళ అంటించుకుని వచ్చాం. కొత్త జడ్జిగారు వచ్చాక చేసిన మొదటి మార్పు, రెండో పిలుపు తీసెయ్యడం. వేళకి న్యాయం అన్నారు కదా, మాట నిలబెట్టుకున్నారు.

మా ట్రెంట్ చేసిన తప్పు, దీపం లేని సైకిలు తొక్కడం, ఆపిన పోలీసాయనతో "దొంగల్ని వదిలేసి నా సైకిలు దొరికిందా" అనడం. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వాడికి నోరు నా పోలికే. దానికి కోర్టుకి రమ్మన్నారు. మూడేళ్ళ కిందట మే నెలలో, అమరవీరుల సెలవులకి ముందు శుక్రవారం. వాళ్ళ నాన్న పోయినప్పటినుంచి పెట్టెలో ఉన్న టై తీసి కట్టుకున్నాడు, ముడి రెండుసార్లు నేనే సరిచేశాను. "ఎలా ఉన్నానే?" అన్నాడు. పెళ్ళికొడుకులా ఉన్నావురా అన్నాను. "జడ్జిగారు చూసి పిల్లనిస్తానంటారేమో, కాదనమంటావా?" అన్నాడు. ముందు జరిమానా కట్టి రారా బడుద్ధాయ్ అన్నాను. వాడితో నేనన్న ఆఖరి మాట బడుద్ధాయ్.

(ఒకమ్మాయి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.)

నీళ్ళు వద్దమ్మా, పర్లేదు.

బస్సు ఎప్పటిలాగే చుట్టూ తిరిగి వచ్చింది. వాడు మెట్లు పరిగెత్తి ఎక్కేసరికి వాడి పేరు పిలవడం, పలకకపోవడం, సంతకం, అన్నీ అయిపోయాయి. కేసులు తొందరగా తేలాయని జడ్జిగారు సెలవులకి వెళ్ళిపోయారు కూడా. గుమస్తా పిల్ల మంచిదే. "అయ్యో, ఇప్పుడే సంతకమైంది బాబూ, మంగళవారం దాకా దాన్ని రద్దు చేసేవాళ్ళు లేరు" అందిట. వాడు పారిపోయినవాడైతే వాణ్ణి పట్టుకోవడానికి మనుషులు తిరగాలి. తనంతట తనే నడిచివచ్చాడు కనక పట్టుకోవడం సుళువైంది. పక్కనే జైలు. నేను వాడి మూర్ఛ మాత్రలు తీసుకుని పరిగెత్తాను. కిటికీ దగ్గర తీసుకున్నారు, నర్సు సెలవులో ఉంది, ఆవిడ వచ్చి చూసి రాస్తే గానీ ఇవ్వకూడదన్నారు. శనివారం వెళ్ళాను, అదే మాట. ఆదివారం వెళ్ళాను, అదే మాట, ఇంకా మర్యాదగా.

సోమవారం అమరవీరుల ఊరేగింపు. మా వంటింటివాళ్ళం ఎప్పుడూ కోర్టు ఎదుటే బల్ల వేసి నిమ్మరసం పోస్తాం. ఈసారి నేను రానంటే లూయెల్లా, "రావే, జైలు కిటికీలు అటే కదా, వాడు నిన్ను చూస్తాడు" అంది. అందుకే వెళ్ళాను. ఆకుపచ్చ, బంగారు బట్టలు వేసుకుని మన బడి పిల్లలు బాకాలు ఊదుకుంటూ జైలు కిందినుంచి వెళ్ళారు. నేను పైకి చూస్తూ గ్లాసులు నింపాను. ఏ కిటికీయో తెలియక అన్నిటికీ చెయ్యి ఊపాను. ఆ బాకాల మోత ఆగకముందే మా వాడు లోపల పడిపోయి ఉన్నాడని తర్వాత చెప్పారు.

("అమ్మా," అంటూ జడ్జి గ్రేబిల్ గారు లేచి నిలబడ్డారు. "నేను చట్టం దాటి ఏదీ చెయ్యలేదు.")

తెలుసు జడ్జిగారూ. మీరు చట్టం దాటలేదు. దాటి ఉంటే నా బాధ తేలిగ్గా ఉండేది, మిమ్మల్ని తిట్టుకుని పడుకునేదాన్ని. కూర్చోండి. మీరు ఈ సభకి వచ్చారు, మధ్యలో లేచిపోలేదు, దానికి నా దండం. నేను మీకోసం రాలేదు. వెండెల్ గారి కోసం వచ్చాను.

(జడ్జిగారు కూర్చున్నారు.)

మా వాణ్ణి మట్టి చేసిన వారానికి వెండెల్ గారు మా ఇంటికి వచ్చారు. చేతిలో కాల్చిన పంది తొడ, తడిసిన టోపీ. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నాకు అన్నీ చెప్పారు. "వర్నా, చట్టం జడ్జిని తొమ్మిదింటికే సంతకం పెట్టమని చెప్పలేదు. ఆగమనీ చెప్పలేదు. ఆ ఖాళీ ఆయన ఇష్టానికి వదిలింది. ఈ దేశంలో చట్టం సగం రాసిన కాగితం. మిగతా సగం ఆ కుర్చీలో కూర్చున్న మనిషి స్వభావం. ఆగే మనిషి కావాలో ఆగని మనిషి కావాలో ఎంచుకునే పని మనకిచ్చారు" అన్నారు. అంత విడమరిచి నాకు ఎవరూ చెప్పలేదు. ఇది రేడియోలో చెప్పండి వెండెల్ గారూ, అన్నాను. ఆయన టోపీ తిప్పుకుంటూ కూర్చున్నారు.

ఆ శుక్రవారం నేనే కార్యక్రమానికి ఫోన్ చేశాను. లూయెల్లా పక్కన నిలబడి నా మోచెయ్యి పట్టుకుంది. ఊరంతా వింటుండగా వెండెల్ గారు, "అమ్మా, మీ దుఃఖానికి నా సానుభూతి. ఇక్కడ మన ఊరి కేసులు మాట్లాడకూడదని నియమం" అని, వాషింగ్టన్‌లో ఎవరో ఎవరికో క్షమాభిక్ష పెట్టిన సంగతి ఎత్తుకున్నారు. ఆయన్ని తప్పు పట్టను. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఈ ముందు వరుస లాయర్లందరూ ఆ రెండో అంతస్తులోనే వాదించుకు బతకాలి. డ్వేన్ గారు అందరిచేతా ప్రకటనలు ఇప్పించుకుని రేడియో నడపాలి. దూరంగా ఉన్న పెద్దవాళ్ళని ఎంతైనా అనొచ్చు, వాళ్ళు మనకి సంతలో ఎదురుపడరు. నాకు అర్థమైంది. అర్థమైందని బాధ పోలేదు.

వెండెల్ గారూ, మీరంటే నాకు కోపం లేదు. మీ గొంతు వింటూ నేను జుట్టు నెరిపించుకున్నాను. ఇన్నేళ్ళూ మన చేతిలో లేని కుర్చీల గురించి మాకు అంత బాగా నేర్పిన మనిషి, మన చేతిలో ఉన్న ఒక్క కుర్చీ గురించి ఒక్క శుక్రవారం చెప్పి ఉంటే ఎలా ఉండేదో అని, అదొక్కటే మనసులోంచి పోదు. వచ్చే నెల ఓట్లు. ఆ కాగితం వెనకవైపు అవే పేర్లున్నాయి. పెట్టింగిల్ అమ్మగారు మళ్ళీ నిలబడ్డారు. ఈ శుక్రవారం మీ ఆఖరి కార్యక్రమం. ఎవరికి వెయ్యమని చెప్పొద్దు, మీ పద్ధతి మార్చుకోవద్దు. కాగితం తిప్పమని చెప్పండి. రెండో పిలుపంటే ఏమిటో చెప్పండి. మా వాడి పేరు ఒక్కసారి చెప్పండి. నేను అడగడానికి వచ్చింది ఇదే.

(వెండెల్ గారు లేవబోయి, బల్ల అంచు పట్టుకుని, "వర్నమ్మా... శుక్రవారందాన్ని నిన్ననే రికార్డు చేసేశాం" అన్నారు. "దేని గురించి?" అని వంటగది తలుపు దగ్గర్నుంచి లూయెల్లా గట్టిగా అడిగింది. "పెద్ద కోర్టు గురించి," అన్నారు ఆయన, చాలా చిన్న గొంతుతో.)

అలాగా.

సరే. నేను ఆలస్యంగా వచ్చాను. మా ఇంట్లో అందరం అంతే.

అయితే ఇంక సెలవు తీసుకుంటాను. నన్ను పిలిచినందుకు డ్వేన్ గారికి...

("ఆగు," అన్నారు వెండెల్ గారు. ఆయన ఎప్పుడూ చేతిలో ఉండే కర్ర లేకుండానే వేదిక మీదికి వచ్చారు. "డ్వేన్, ఇది ఇప్పుడు రేడియోలో వస్తోందా?" డ్వేన్ గారు జడ్జిగారి వైపు చూశారు, లాయర్ల వైపు చూశారు. "వస్తోంది," అన్నారు. "మధ్యలో తీసెయ్యకు." "తియ్యను వెండెల్, కానియ్యి.")

(వెండెల్ గారు మైకు దగ్గరికి వంగారు. "నేను వెండెల్ ఎమ్రిక్‌ని. శుక్రవారం మీరు వినబోయేది పాతది, వినకపోయినా పర్లేదు. ఇదే నా ఆఖరి కార్యక్రమం. వర్నా చెప్పినదాంట్లో చట్టం ప్రకారం ఒక్క తప్పు లేదు. మూడేళ్ళ కిందట నేను చెప్పాల్సింది అది. ఓటు కాగితానికి వెనకవైపు ఉంది. తిప్పండి. అక్కడున్న ఇద్దర్నీ అడగండి, పలకని పేరు మళ్ళీ పిలుస్తారా అని. జడ్జిగారూ, మీరూ చెప్పొచ్చు, మైకు ఇక్కడే ఉంది." జడ్జి గ్రేబిల్ గారు మోకాళ్ళ మధ్య టోపీ పట్టుకుని నేల చూస్తూ ఉండిపోయారు. వెండెల్ గారు నిటారుగా నిలబడి, కోర్టు బంట్రోతు పిలిచినట్టు, హాలు మారుమోగేలా పిలిచారు: "ట్రెంట్ ఒరావెక్!")

వచ్చాడండీ.

వచ్చాడు. బస్సు చుట్టూ తిరిగి వచ్చింది, అందుకని ఆలస్యమైంది. టై కట్టుకునే వచ్చాడు.

(వెండెల్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.)

వెండెల్ గారూ, మీ గొంతు బాగుంది, ఇంకా బాగుంది. ఇది వాడు వినాల్సింది. వాడు బిస్కత్తు నముల్తూ, "ఇన్నాళ్ళకి మేడమెట్లు ఎక్కారే" అని ఉండేవాడు. మీరు పదిలంగా ఇంటికి వెళ్ళి, మిరియం గారితో కలిసి పొద్దున్నే కాఫీ తాగుతూ వేరేవాళ్ళ మాటలు వినండి. శుక్రవారం మాత్రం మా వంటింట్లో ఆ రేడియో కట్టేసి ఉంటుంది, ఏమీ అనుకోకండి, ఆ ఒక్క పూట దుంపల చప్పుడు వింటాం.

ఓపికగా విన్నందుకు మీ అందరికీ, వచ్చినందుకు జడ్జిగారికి, తియ్యకుండా ఉంచినందుకు డ్వేన్ గారికి నా దండాలు. నూడుల్సు ఉడికాయి, పళ్ళేలు పట్టుకుని వరుసలో రండి. వెనకబడ్డవాళ్ళు కంగారుపడకండి, అందరూ తిన్నాక ఇంకోసారి పిలుస్తాను.

సెలవు.